ఆ సీడీలో ఇంకా చోటుంది, పాటలెందుకు ఎక్కవు?

ప్రశ్న: మా నాన్నగారు తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యారు. తెనాలిలో ఉంటారు. పద్యాలు రాగం తీసి చాలా బాగా పాడతారు. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆయన పాడిన 11 పద్యాలు ఫోన్‌లో రికార్డు చేసి, విండోస్ మీడియా ప్లేయర్‌తో ఆడియో సీడీ చేసి ఇచ్చాను. మొత్తం 48 నిమిషాలు. ఇంట్లో ఉన్న పాత సీడీ ప్లేయర్‌లో రోజూ పొద్దున్నే పెట్టుకుని వింటున్నారు. ఉగాదికి ఇంకో నాలుగు పాడారు. వాటినీ అదే సీడీలో ఎక్కిద్దామంటే కంప్యూటర్ ఖాళీ సీడీ పెట్టమంటోంది. 80 నిమిషాల సీడీలో ఇంకా 32 నిమిషాల చోటుంది కదా! సరేనని ఇంకో సీడీ పెట్టి, విండోస్ అడిగినప్పుడు ‘యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్‌లాగా’ అన్నది ఎంచుకుని ఆ నాలుగూ కాపీ చేశాను. నా ల్యాప్‌టాప్‌లో వస్తున్నాయి గానీ నాన్నగారి ప్లేయర్‌లో పెడితే ‘నో డిస్క్’ అంటోంది. సీడీ-ఆర్‌డబ్ల్యూ కొంటే సరిపోతుందని మా బావ అంటున్నాడు. ఇంకో సంగతి, ఫోన్‌లో చోటు లేక సంక్రాంతి రికార్డింగులు తీసేశాను. ఆ 11 పద్యాలు ఇప్పుడు ఆ సీడీలోనే ఉన్నాయి. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: మీరు చివర్లో చెప్పిన సంగతితోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టింది అదొక్కటే. నాన్నగారి గొంతు ప్రస్తుతం ఒకే ఒక్క సీడీలో ఉంది, అది రోజూ ప్లేయర్‌లోకి వెళ్లి వస్తోంది. నాలుగు కొత్త పద్యాలు ఎక్కించడం నెమ్మదిగా చూసుకోవచ్చు. ముందు ఆ 11 పద్యాలను సీడీలోంచి కంప్యూటర్‌లోకి తీసుకోండి. ఈసారి తెనాలి వెళ్లినప్పుడు ల్యాప్‌టాప్ పట్టుకెళ్లండి, సీడీని బస్సులో తేవడం కన్నా అదే మేలు.

ఎలాగంటే: విండోస్ మీడియా ప్లేయర్ తెరిచి సీడీ పెట్టండి. ‘రిప్’ అనే బటన్ కనిపిస్తుంది. దాన్ని వెంటనే నొక్కేయకండి. ముందు ‘రిప్ సెట్టింగ్స్’లోకి వెళ్లి, ఫార్మాట్ దగ్గర ‘వేవ్ (లాస్‌లెస్)’ పెట్టుకోండి. మామూలుగా ఉండే సెట్టింగ్ పాటను కుదించి దాస్తుంది. ఫోన్ రికార్డింగ్ ముందే ఒకసారి కుదించి ఉంటుంది కాబట్టి మళ్లీ కుదిస్తే గొంతులో ఉన్న సన్నదనం ఇంకాస్త పోతుంది. వేవ్‌లో ఆ గొడవ లేదు, సీడీలో ఉన్నది ఉన్నట్టు వస్తుంది. నిమిషానికి 10 ఎంబీ పైచిలుకు పడుతుంది, అంటే మీ 48 నిమిషాలకు సుమారు 500 ఎంబీ. ఈ రోజుల్లో అదొక లెక్క కాదు. విండోస్ 10, 11లో ‘ఫ్లాక్’ అని ఇంకో ఫార్మాట్ కూడా ఉంటుంది. అదీ శబ్దాన్ని తగ్గించకుండా దాస్తుంది, చోటు తక్కువ తింటుంది. రెంటిలో ఏదైనా సరే.

ఇంట్లో చేసుకున్న సీడీ గనక పాటల పేర్లు రావు, ‘తెలియని ఆల్బమ్’, ‘ట్రాక్ 1’, ‘ట్రాక్ 2’ అని చూపిస్తుంది. అప్పుడే, నాన్నగారు పక్కనే ఉండగా, ఏ పద్యం ఏ కావ్యంలోదో అడిగి పేర్లు పెట్టేయండి. ఆయన చెప్పగలిగినప్పుడే రాసుకోవాలి. తర్వాత రాసుకోవచ్చులే అని వదిలేసి, పద్యం ఎక్కడిదో చెప్పేవాళ్లు లేక మిగిలిపోయిన రికార్డింగులు చాలా ఇళ్లలో ఉన్నాయి. 11 ఫైళ్లూ వచ్చాక ఒక్కొక్కటీ చివరిదాకా విని చూడండి. ఎక్కడైనా చిటచిట వినిపిస్తే సీడీని మెత్తని బట్టతో, మధ్య నుంచి అంచు వైపు నిలువుగా తుడిచి, ఆ ఒక్కటీ మళ్లీ రిప్ చేయండి. గుండ్రంగా తిప్పి తుడవకూడదు. గీత పడితే అది పాట వెంబడే సాగుతుంది, దాన్ని సరిదిద్దుకోవడం ప్లేయర్‌కు కష్టం. అడ్డంగా పడ్డ చిన్న గీతనైతే దాదాపు ఏ ప్లేయరైనా సర్దుకుపోతుంది.

ఇక మీ అసలు ప్రశ్న. 32 నిమిషాల చోటు ఉన్న మాట నిజం. మీరు కంటితో కూడా చూడొచ్చు. సీడీని వెనక్కి తిప్పి ట్యూబ్‌లైట్ కింద కాస్త వంచి పట్టుకోండి. లోపలి నుంచి మొదలైన ఒక రంగు, అంచుకు సుమారు సెంటీమీటరు దూరంలో సన్నటి గీత గీసినట్టు ఆగిపోతుంది. అక్కడి నుంచి అంచుదాకా రంగు కొద్దిగా వేరుగా ఉంటుంది. మొదటి భాగం లేజర్‌తో కాల్చినది, రెండోది ఎవరూ ముట్టనిది. సీడీలో పాట లోపలి నుంచి బయటికి సాగుతుంది కాబట్టి మిగిలిన చోటంతా అంచు దగ్గరే ఉంటుంది.

చోటు ఉండి కూడా ఎందుకు ఎక్కదంటే, సీడీ ప్లేయర్ పాటల్ని వెతుక్కోదు. మీరు సీడీ పెట్టగానే అది మొట్టమొదట పాటలకన్నా లోపల ఉండే ‘లీడ్-ఇన్’ అనే చోటికి వెళ్లి అక్కడున్న విషయసూచికను చదువుతుంది. ఎన్ని ట్రాకులున్నాయి, ఏది ఏ నిమిషం ఏ సెకనులో మొదలవుతుంది, మొత్తం ఎక్కడ ముగుస్తుంది, ఇవన్నీ అందులో ఉంటాయి. ప్లేయర్ ముందు భాగంలో 11 అని, 48 నిమిషాలని కనిపించేది అది చదివాకే. చివరి పాట అయ్యాక ‘లీడ్-అవుట్’ అని ఒక ఖాళీ భాగం రాస్తారు. ఇక్కడితో అయిపోయిందని ప్లేయర్‌కు దాంతోనే తెలుస్తుంది. మీడియా ప్లేయర్ ఆడియో సీడీ చేసేటప్పుడు ఈ రెండూ రాసేసి డిస్క్‌ను మూసేస్తుంది. దీన్నే ‘ఫైనలైజ్’ చేయడం అంటారు. మీ సీడీ విషయసూచికలో ‘11 ట్రాకులు, 48 నిమిషాలు’ అని పడిపోయింది. మీరు వాడింది సీడీ-ఆర్, అంటే ఒక్కసారే రాయగల సీడీ. దాని మీద ఉండే రంగు పొరను లేజర్ ఒకసారి కాల్చాక మళ్లీ మామూలుగా చేయడం కుదరదు. అంచు దగ్గర ఎంత చోటున్నా, 11ని 15గా దిద్దే దారి లేదు.

క్యాసెట్లకు అలవాటు పడ్డ మన తరానికి ఇది మింగుడుపడని విషయమే. అప్పట్లో ప్రతి ఊళ్లోనూ క్యాసెట్ రికార్డింగ్ సెంటర్ ఒకటి ఉండేది. కాగితం మీద పాటల పేర్లు రాసిస్తే సిక్స్‌టీ క్యాసెట్టో నైంటీ క్యాసెట్టో నింపి ఇచ్చేవారు. చివర్లో నాలుగు నిమిషాలు మిగిలితే నెల తర్వాత వెళ్లి అందులో ఇంకో పాట ఎక్కించుకునేవాళ్లం. టేపులో సూచిక అంటూ ఏదీ లేదు, టేపు ఎంత తిరిగితే అంత పాట. సీడీకి ఆ వీలు పోయింది. కానీ ఏడో పాట కావాలంటే ఒక్క బటన్‌తో ఏడో పాటకు వెళ్లే సౌకర్యం వచ్చింది కూడా ఆ సూచిక వల్లే.

మరి మూసేయకుండా వదిలేస్తే? వదిలేయొచ్చు. నీరో బర్నింగ్ రోమ్ లాంటి ప్రోగ్రాముల్లో ఆడియో సీడీ చేసేటప్పుడు ‘ఫైనలైజ్ డిస్క్’ అని ఒక టిక్కు ఉంటుంది. అది తీసేసి, ‘ట్రాక్-ఎట్-వన్స్’ పద్ధతిలో రాస్తే డిస్క్ తెరిచే ఉంటుంది. లైనక్స్ వాడేవాళ్లకు వోడిమ్ అనే ప్రోగ్రాములో ‘నోఫిక్స్’ అన్న ఆప్షన్ ఇదే పని చేస్తుంది. ఇవాళ ఐదు పాటలు, వచ్చే నెల ఇంకో మూడు, అలా ఎక్కించుకుంటూ పోయి చివర్లో ఒకసారి మూసేయొచ్చు. అప్పటిదాకా ఎక్కిన పాటల వివరాలను రైటర్ (సీడీ రాసే డ్రైవ్) లీడ్-ఇన్‌కు ఇంకా లోపల, ‘పీఎంఏ’ అనే చిన్న జాగాలో తాత్కాలికంగా రాసుకుంటుంది.

చిక్కల్లా ఇక్కడే. ఆ పీఎంఏను సీడీ రాయగల డ్రైవులు చదువుతాయి. మామూలు సీడీ ప్లేయర్ అటు వైపు కూడా చూడదు. లీడ్-ఇన్ దగ్గరికి వెళ్తుంది, అక్కడ సూచిక లేదు, ఖాళీ సీడీ అనుకుని బయటికి నెట్టేస్తుంది. అంటే సీడీ మూసేదాకా నాన్నగారు వినలేరు, మూశాక మీరు ఎక్కించలేరు. రోజూ వినే మనిషికి ఈ పద్ధతి ఎందుకూ పనికిరాదు. పైగా ట్రాక్-ఎట్-వన్స్‌లో ఒక్కో పాట రాశాక లేజర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. అందువల్ల పాటల మధ్య రెండు సెకన్ల ఖాళీ వస్తుంది, కొన్ని ప్లేయర్లలో పాట మారేచోట చిన్న ‘టిక్’ శబ్దం కూడా వినిపిస్తుంది. రాగాలాపన ఒక ట్రాకుగా, పద్యం ఇంకో ట్రాకుగా కోసుకున్నవాళ్లకు ఆ రెండు సెకన్లు పంటికింద రాయే.

‘సెషన్’ అనే మాట కూడా మీ చెవిన పడి ఉంటుంది. ఒక సూచిక, దాని తాలూకు పాటలు, లీడ్-అవుట్ కలిపితే ఒక సెషన్. డిస్క్‌ను పూర్తిగా మూయకుండా మొదటి సెషన్‌ను మాత్రమే మూసి, తర్వాత రెండో సెషన్‌లో కొత్త పాటలు, కొత్త సూచిక రాయొచ్చు. కంప్యూటర్‌కు ఆ రెండో సెషన్ కూడా కనిపిస్తుంది. మామూలు ఆడియో ప్లేయర్ మాత్రం మొదటి సూచిక చదివి అక్కడితో ఆగిపోతుంది. ఇది లోపం కాదు, అది పుట్టిన కాలం అలాంటిది. ఆడియో సీడీ ప్రమాణాన్ని ఫిలిప్స్, సోనీ కలిసి 1980లో ఖాయం చేశాయి, 1982లో సీడీలు మార్కెట్లోకి వచ్చాయి. ఇంట్లో కూర్చుని సీడీ రాసుకోవడం అప్పటికి లేదు, ఒక డిస్క్‌కు రెండు సూచికలు ఉండొచ్చని ప్లేయర్‌కు చెప్పాల్సిన పనే రాలేదు. 1990ల్లో సంగీతం కంపెనీలు దీన్నే తమకు అనుకూలంగా మలచుకున్నాయి. మొదటి సెషన్‌లో పాటలు, రెండో సెషన్‌లో కంప్యూటర్‌లో చూసుకునే వీడియోలు, ఫొటోలు పెట్టి ‘సీడీ ఎక్స్‌ట్రా’ అని అమ్మాయి. ప్లేయర్ రెండో సెషన్ జోలికి పోదని వాళ్లకు తెలుసు కాబట్టే అది సాధ్యమైంది. కాబట్టి ఎవరైనా ‘మల్టీసెషన్ పెట్టండి, ఆడియో సీడీలో కూడా పాటలు చేర్చుకోవచ్చు’ అంటే, చేర్చడం వరకూ నిజమే, అవి నాన్నగారి ప్లేయర్‌లో వినిపించడం మాత్రం జరగదు.

మీ రెండో సీడీ సంగతి వేరు. అది అసలు ఆడియో సీడీయే కాదు. ‘యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్‌లాగా’ అన్నది ఎంచుకుంటే విండోస్ ఆ డిస్క్‌ను యూడీఎఫ్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేసి, మీ ఫైళ్లను ఫైళ్లలాగే అందులో పెడుతుంది. పెన్‌డ్రైవ్‌లో వేసినట్టు వేసుకోవచ్చు, సౌకర్యమే. కానీ అది కంప్యూటర్లకు తెలిసిన పద్ధతి. పాత ప్లేయర్‌కు ఫైలంటేనే తెలియదు. దానికి తెలిసింది సెకనుకు 44,100 సార్లు కొలిచి, 16 బిట్లలో రాసిన స్టీరియో శబ్దం ఒక్కటే. విండోస్ అడిగిన ఆ పెట్టెలో రెండోది, ‘సీడీ/డీవీడీ ప్లేయర్‌తో’ అన్నది ఎంచుకున్నా అది డేటా డిస్కే అవుతుంది తప్ప ఆడియో సీడీ కాదు. పాత ప్లేయర్ కోసమైతే మీడియా ప్లేయర్ లాంటి ప్రోగ్రామ్ తెరిచి, ‘ఆడియో సీడీ’ అని ఎంచుకునే చేయాలి. ఇది ఒక్కటి తెలియక ‘మా రైటర్ పాడైపోయింది’ అనుకునేవాళ్లు చాలామంది.

మీ బావగారు చెప్పిన సీడీ-ఆర్‌డబ్ల్యూ గురించి. దాన్ని చెరిపి మళ్లీ రాయొచ్చు, నిజమే. కానీ ఆడియో సీడీగా మూసేశాక దానికి కూడా కొత్త పాట చేర్చలేరు. మొత్తం చెరిపి 15 పద్యాలూ మొదటి నుంచి రాయాల్సిందే. ఇంతకన్నా పెద్ద ఇబ్బంది, పాత ప్లేయర్లు చాలావరకు దాన్ని చదవలేవు. కంపెనీ సీడీ లేజర్ వెలుగులో కనీసం 70 శాతం వెనక్కి పంపిస్తుంది, సీడీ-ఆర్ కూడా దానికి దగ్గరగానే ఉంటుంది. సీడీ-ఆర్‌డబ్ల్యూ పంపించేది 15 నుంచి 25 శాతమే. అంత మసక వెలుగును చదివేలా చేసిన ప్లేయర్లు తర్వాతి కాలంలో వచ్చాయి. నాన్నగారిది పాతదంటున్నారు గనక దాని మీద డబ్బులు పెట్టొద్దు.

మీకు నా సలహా ఒక్కటే: చేర్చే ఆలోచన మానేసి, ప్రతిసారీ కొత్త సీడీ చేయండి. పాటలు ఉండాల్సిన చోటు కంప్యూటర్, సీడీ నాన్నగారు వినడానికి. ‘నాన్నగారి పద్యాలు’ అని ఒక ఫోల్డర్ పెట్టుకుని, రిప్ చేసిన 11, ఉగాది నాటి నాలుగు అందులో వేయండి. మళ్లీ దసరాకు ఆయన ఇంకో రెండు పాడితే అవీ అందులోకే. సీడీ కావాలన్నప్పుడు ఆ ఫోల్డర్ నుంచి మొత్తం మళ్లీ రాసుకోవాలి. ఒక ఖాళీ సీడీ ధర, రాయడానికి పట్టే ఐదారు నిమిషాలు, మీకయ్యే ఖర్చు అంతే. ఆ డిస్క్‌లో 32 నిమిషాలు ఊరికే పోయాయని బాధపడకండి, దానికోసం మీరు ఇప్పటికే పడ్డ అవస్థ ఆ సీడీ ధరకన్నా చాలా ఎక్కువ.

కొత్త సీడీ చేసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. మొదటిది వరస. పాత 11 పద్యాలూ పాత వరసలోనే ఉంచి, కొత్తవి 12 నుంచి 15 దాకా పెట్టండి. రోజూ వినేవాళ్లు నెంబర్లతోనే గుర్తుపెట్టుకుంటారు. ఏడు నొక్కితే తనకిష్టమైన పద్యం వస్తుందని నాన్నగారికి తెలుసు. మీరు బాగుందని కొత్తవి ముందు పెట్టి సర్దితే ఆయన పొద్దున్నే రిమోట్ పట్టుకుని వెతుక్కోవాలి. అట్ట మీద పెట్టే చీటీలో నెంబరు, పద్యం మొదటి రెండు మాటలు పెద్ద అక్షరాలతో రాయండి.

శబ్దం హెచ్చుతగ్గులు కూడా చూసుకోవాలి. సంక్రాంతికి హాల్లో కూర్చుని పాడి ఉంటారు, ఉగాదికి పెరట్లోనో డాబా మీదో పాడి ఉంటారు. ఒకటి గట్టిగా, ఇంకోటి నెమ్మదిగా ఉంటుంది. మీడియా ప్లేయర్‌లో ఆప్షన్స్‌లోకి వెళ్తే ‘బర్న్’ అనే పేజీలో అన్ని పాటలకూ వాల్యూమ్ సమానం చేసే టిక్కు ఉంటుంది, అది పెట్టండి. పాటల మధ్య ఖాళీ లేకుండా రాసే టిక్కు కూడా ఆ పేజీలోనే ఉంటుంది. విడివిడి పద్యాలకు రెండు సెకన్ల విరామం ఉంటేనే బాగుంటుంది కాబట్టి దాన్ని ముట్టుకోవద్దు. వేగం దగ్గర, ఉన్నదాంట్లో అన్నిటికన్నా ఎక్కువదైన ‘ఫాస్టెస్ట్’ కాకుండా ‘మీడియం’ పెట్టండి. వేగాన్ని అంకెల్లో అడిగే ప్రోగ్రాముల్లో అయితే 16 కానీ 24 కానీ పెట్టండి. పాత ప్లేయర్లు 52 రెట్ల వేగంతో రాసిన సీడీల దగ్గర మొరాయించడం మామూలే. మరీ తక్కువ పెడితే ఇంకా మంచిదనుకోనక్కర్లేదు, ఇప్పటి ఖాళీ సీడీల పొర అంత నిదానానికి తయారుచేసింది కాదు. రాస్తున్నంతసేపూ కంప్యూటర్‌ను ఇంకో పనికి వాడకండి.

80 నిమిషాలు దాటేదాకా ఒక సీడీ సరిపోతుంది. మీ నాలుగూ కలిపి 15 నుంచి 20 నిమిషాలు ఉంటాయనుకున్నా 70 లోపే. ఇక్కడ కొందరు ఎంబీలు లెక్క కట్టి తికమక పడతారు. ఫోన్‌లో నాలుగు ఎంబీలే ఉన్న పద్యం ఆడియో సీడీలోకి వెళ్లాక నిమిషానికి 10 ఎంబీల చొప్పున పెరుగుతుంది. 700 ఎంబీల సీడీలో 150 పాటలు పట్టాలి కదా అని అడిగేవాళ్లకు జవాబు ఇదే. ఆడియో సీడీకి నిమిషాలే లెక్క. ట్రాకులు కూడా 99 దాటకూడదు, మీకు ఆ సమస్య ఇప్పట్లో రాదు.

150 పాటలు పట్టించే దారి ఒకటుంది. ప్లేయర్ ముందు భాగాన ‘ఎంపీ3’ అని రాసుందేమో నాన్నగారిని చూడమనండి. ఉంటే మీ పని సగం తేలికవుతుంది. ఎంపీ3 సీడీ డేటా డిస్కే, సెకనుకు 128 కిలోబిట్లలో చేస్తే ఒక్క సీడీలో 12 గంటల పైన పడుతుంది, ఒక్క మనిషి గొంతుకు ఆ మాత్రం చాలు. ఇందులో మల్టీసెషన్ పెట్టి తర్వాత పాటలు చేర్చుకోవచ్చు కూడా. రెండోసారి రాసేటప్పుడు పాత సెషన్‌ను కలుపుకుని రాయమని ప్రోగ్రామ్‌కు చెప్పాలి, లేకపోతే పాత ఫైళ్లు డిస్క్ మీద ఉండి కూడా కనిపించవు. మొదటిసారి మూసినప్పుడు సుమారు 22 ఎంబీలు, ఆ తర్వాత ప్రతిసారీ 13 ఎంబీలు ఆ సెషన్ హంగులకే పోతాయి, కాబట్టి ఒక్కో పాట చొప్పున కాకుండా నాలుగైదు పోగయ్యాక రాయండి. ఫైళ్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ముందు 01, 02 అని నెంబర్లతో పెట్టండి. తెలుగులో పెడితే పాత ప్లేయర్ తెర మీద అర్థంకాని గుర్తులు వస్తాయి. అన్ని ఎంపీ3 ప్లేయర్లూ రెండో సెషన్‌ను చదవవు. మొదట రెండు పాటలతో ఒక సీడీ చేసి, ఇంకో రెండు చేర్చి, నాన్నగారి ప్లేయర్‌లో నాలుగూ వస్తున్నాయో లేదో చూసుకున్నాకే అసలు పని మొదలుపెట్టండి. ‘ఎంపీ3’ అని రాసి లేకపోతే ఇదంతా వదిలేసి పైన చెప్పినట్టు ఆడియో సీడీయే చేయండి.

ఇకముందు అమ్మగారో ఇంట్లో ఇంకెవరో రికార్డు చేసి పంపేటట్టయితే, వాట్సాప్‌లో మైకు బటన్ నొక్కి పాడించొద్దని చెప్పండి. అది మాటల కోసం పెట్టింది, శబ్దాన్ని బాగా నలిపేస్తుంది, ఆలాపనలో గమకాలు మసకబారతాయి. ఫోన్‌లో ఉండే రికార్డర్‌తో రికార్డు చేసి, ఆ ఫైలును డాక్యుమెంట్‌గా పంపమనండి. ఫోన్‌ను చేతిలో పట్టుకోకుండా ఆయనకు రెండడుగుల దూరంలో మెత్తటి గుడ్డ మీద పెడితే ఫ్యాన్ అదురు, బల్ల చప్పుడు తగ్గుతాయి. ఫ్యాను ఆపేస్తే ఇంకా మంచిది.

ఖాళీ సీడీల విషయం. ఒకప్పుడు మనకు ఏ షాపులో అడిగినా మోజర్ బేర్ ఇచ్చేవారు, నోయిడా దగ్గర తయారయ్యేవి. ఆ కంపెనీని మూసేసి ఆస్తులు అమ్మేయాలని 2018లో ఉత్తర్వులు వచ్చాయి. దాంతో ఇప్పుడు షాపుల్లో దొరికేవాటిలో ఏళ్ల తరబడి అటక మీద పడున్న సరుకు కూడా ఉంటుంది. మూత తీసి ఉన్న డబ్బాలోంచి విడిగా ఇచ్చేవి తీసుకోకుండా, సీలు తీయని చిన్న ప్యాకెట్ కొనండి. ఒకటి రాసి చూసి, నాన్నగారి ప్లేయర్‌లో మొదటి పాటా చివరి పాటా వినండి. సరిగా రాయని సీడీ సాధారణంగా అంచు దగ్గరే తడబడుతుంది, అంటే చివరి పాటల దగ్గర. పేరు రాయాలంటే బాల్‌పెన్ వాడొద్దు. పాటలు ఉండే పొర ప్లాస్టిక్ అడుగున కాదు, పేరు రాసే వైపునే పల్చటి వార్నిష్ కింద ఉంటుంది. పెన్ను మొన గట్టిగా ఒత్తితే నేరుగా దాని మీదే పడుతుంది. సీడీ మార్కర్‌తో, అదీ మధ్యలో కన్నం చుట్టూ ఉండే ఏమీ రాయని ప్లాస్టిక్ భాగం మీద రాస్తే ఇంకా క్షేమం. కాగితం స్టిక్కర్లు అస్సలు వద్దు, ఒక పక్క బరువై సీడీ తిరిగేటప్పుడు ఊగుతుంది.

ఆ ఫోల్డర్ ల్యాప్‌టాప్‌లో ఒక్కచోటే ఉంచకండి. పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ తెనాలి బీరువాలో, ఇంకోటి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోనో గూగుల్ డ్రైవ్‌లోనో పెట్టండి. సీడీ-ఆర్ మీది రంగు పొర ఎండకు, వేడికి వెలిసిపోతుంది. కిటికీ పక్కన ప్లేయర్ మీదే వదిలేసే అలవాటుంటే నాన్నగారికి ఒక మాట చెప్పండి.

రెండు పాత సీడీలూ పారేయకండి. సంక్రాంతి సీడీని కొత్తది వచ్చాక డబ్బాలో పెట్టి దాచండి. విండోస్ ఫార్మాట్ చేసిన రెండోదాంట్లో ఉగాది పద్యాల ఫైళ్లు ఉన్నవి ఉన్నట్టు ఉన్నాయి, దాని మీద ‘ఉగాది, కంప్యూటర్‌లో మాత్రమే’ అని మార్కర్‌తో రాసి పక్కన పెట్టండి. ఉగాది రికార్డింగులు ఫోన్‌లో ఇంకా ఉంటే, ఫోల్డర్‌లోకి ఎక్కించి ఒకసారి విన్నాకే తీసేయండి.